మేము చెరిపేసిన మూడున్నర

పత్రికలో పనిచేసేవాడికి 'నేడు' అన్న మాట ఎప్పుడూ రేపటిదే. సాయంత్రం డెస్కులో కూర్చుని, మర్నాడు జరగబోయే సభ గురించి 'నేడు బహిరంగ సభ' అని శీర్షిక పెడతాం. అప్పుడే జరిగి మా కళ్లముందే పొగలు కక్కుతున్న ప్రమాదాన్ని నిన్నటిదిగా రాస్తాం. పాఠకుడు పొద్దున్న చదువుతాడు కాబట్టి అతని రోజులోకి మేమే ముందుగా వెళ్లి కూర్చుంటాం. ఈ అలవాటు నాకెంతగా పట్టుకుందంటే, సాయంత్రం పూట మా ఆవిడ ఇవాళ తేదీ ఎంతని అడిగితే రేపటి తేదీ చెప్పేవాణ్ణి. ఆవిడ ఒకటి తగ్గించుకునేది.

ఉద్యోగం చివరి ఏళ్లలో ఈ అలవాటే నాచేత ఒక పొరపాటు చేయించింది. ఆ పొరపాటు మీద నేను చేసిన రెండో పని మాత్రం పొరపాటు కాదు. దానికి వేరే పేరుంది. వెబ్‌సైట్ల దగ్గర పనిచేసే పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. పొరపాట్లు మీరూ చేస్తారు. ఆ రెండో పని చేయకండి.

విశాఖ ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌గా చేరి, తలనెరిసేదాకా అచ్చులోనే ఉన్నాను. రిటైరయ్యే ముందు నన్ను తీసుకెళ్లి వెబ్ డెస్కు మీద కూర్చోబెట్టారు. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తు మా ఆఫీసు. మెట్లెక్కాలంటే పుస్తకాల సంచుల మధ్యనుంచి ఒత్తుకుంటూ వెళ్లాలి. నా కింద నలుగురు కుర్ర సబ్ ఎడిటర్లు, సైటు నడిపే ఒక అమ్మాయి ఉండేవారు. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారిది గోదావరి జిల్లా. పోర్టులో ఉద్యోగం రావడంతో ఇక్కడే స్థిరపడ్డారు. పిల్ల ఇక్కడే పుట్టి పెరిగినా మాటకు ముందూ వెనకా 'అండి' మాత్రం పోలేదు.

ఆ ఏడు మా సైటును ఆఫీసులోని పాత కంప్యూటర్ మీంచి అద్దె సర్వర్‌కు మార్చారు. ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో నాకిప్పటికీ తెలియదు. మార్చిన పది రోజులకు ఆ అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చింది.

"సార్, సాయంత్రం ఆరున్నర దాటాక పెట్టిన వార్తలకి రేపటి తేదీ పడుతోందండి. ఎక్కడో తేడా కొడుతోంది."

నేను నవ్వాను. "తేడా ఏంలేదమ్మా. పత్రిక తేదీ అంటే అదే. సాయంత్రం రాసిన వార్తకి రేపటి తేదీ ఉండాలి. ఇన్నాళ్లకి నీ సర్వర్‌కి మన వృత్తి తెలిసొచ్చింది."

"నేనేం నేర్పలేదండి దానికి."

"దానంతటదే నేర్చుకుంది. వదిలెయ్."

"ఓసారి చూస్తానండి..."

"చూడ్డానికి ఇంకేం పన్లేవా? మొన్నడిగిన వాన ఫొటోల పేజీ ఏమైంది?"

ఆ అమ్మాయి వెళ్లిపోయింది. నేను అక్కడితో ఊరుకోలేదు. ఆ వారం ఎడిషన్ మీటింగులో, మన వెబ్‌సైటు కూడా పత్రికా సంప్రదాయం ప్రకారమే తేదీలు వేస్తోందని, అది మా డెస్కు సాధించిన ఘనకార్యంలా చెప్పాను. ఇన్‌చార్జిగారు తలూపారు. ఒకరిద్దరు బల్ల చరిచారు కూడా.

ఇక్కడ కొంచెం యంత్రం గురించి చెప్పాలి. విసుగనుకోకండి. లోకంలో సర్వర్లన్నీ ఒకే గడియారం చూసుకోవడానికి ఒక ప్రామాణిక సమయం పెట్టుకున్నారు. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. కొత్త సర్వర్ మీద డేటాబేస్ ఆ ప్రామాణిక సమయాన్నే దాచుకుంటుంది. కాబట్టి మనం టైపు చేసిన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేసి దాచాలి, పేజీ మీద చూపించేటప్పుడు తిరిగి కలపాలి. మా దగ్గర కలపడం అయితే అమర్చారు. తీయడం మరిచిపోయారు. దాంతో మేం ఏ సమయం ఇచ్చినా పాఠకుడికి ఐదున్నర గంటలు ఆలస్యంగా కనపడేది. సాయంత్రం వార్త అర్ధరాత్రి దాటిపోయి మర్నాటి తేదీ తగిలించుకునేది. వార్తల కింద మేం గంటలు చూపించం, తేదీ ఒక్కటే చూపిస్తాం. అందుకే ఆ తప్పు నా కంటికి సంప్రదాయంలా కనపడింది. మరే వృత్తిలో ఉన్నవాడైనా ఆ తేదీ చూసి ఉలిక్కిపడేవాడు. నేను మురిసిపోయాను.

గంటలు కనపడే పేజీ సైటు మొత్తంలో ఒక్కటే ఉంది. అది శ్రద్ధాంజలి పేజీ. పోయినవారి ఫొటో, ఊరు, అంతిమయాత్ర బయల్దేరే సమయం ఉచితంగా పెట్టేవాళ్లం.

ఒక సాయంత్రం, హార్బర్ వైపు వార్తలు చూసే మా విలేకరి ఒక ఫొటో పంపాడు. ఫిషింగ్ హార్బర్‌లో చాలా ఏళ్లు బోటు నడిపిన పెద్దాయన పోయారు. అంతిమయాత్ర మర్నాడు ఉదయం పది గంటలకు. మా కుర్రాడు పది అనే టైపు చేశాడు. పేజీ మీద మధ్యాహ్నం మూడున్నర అని పడింది. అదే తెల్లవారుజామున అని పడి ఉంటే ఎవరో ఒకరు ఇదేమిటని అడిగేవారు. మూడున్నర మనుషులు శ్మశానానికి బయల్దేరే వేళే. ఎవరికీ అనుమానం రాలేదు.

అంత్యక్రియలయిన మర్నాడు విలేకరి ఆఫీసుకొచ్చాడు. "సార్, హార్బర్లో పోయినాయన టైం మన సైట్లో తప్పు పడిందంట. ఎవుడో సుట్టం అంతా అయిపోయాక వొచ్చి నానా యాగీ సేసినాడంట."

నేను అమ్మాయిని పిలిచాను. తను కూర్చుని కాసేపు చూసింది. తర్వాత కుర్చీ నావైపు తిప్పింది.

"ఆ రేపటి తేదీదీ ఇదీ ఒకటేనండి" అంది.

మీటింగులో బల్ల చరిచిన చప్పుడు నా చెవుల్లో వినపడింది. "ఎంతసేపట్లో సరిచేస్తావు?"

"ఒక్క కమాండండి. పాతవాటిని కూడా ఐదున్నర గంటలు వెనక్కి జరిపేస్తాను. సార్... సవరణ వేద్దామాండి? ఆ నోటీసు కింద, ముందు తప్పు సమయం చూపించామని."

పేపర్లో ఒక అక్షరం తప్పు పడితే మర్నాడు 'సవరణ' అని వేయడం నేను ఈ ఉద్యోగంలో మొదట నేర్చుకున్న మర్యాద. అది తెలిసే ఈ మాట అన్నాను: "అచ్చులో పడ్డది చెరపలేం కాబట్టి సవరణ వేస్తాం. ఇక్కడ చెరపొచ్చు కదా, ఇంకెందుకు? దిద్దేసెయ్."

తను దిద్దేసింది. పేజీ మీద మూడున్నర పోయి పది వచ్చింది. ఎప్పుడూ పదే ఉన్నట్టు ఉంది. వార్తలకు కూడా ఏనాటి తేదీ ఆనాటికి వచ్చేసింది. మీటింగులో దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కొద్ది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, కోచింగ్ పిల్లల్ని తప్పించుకుంటూ మెట్లెక్కి ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, భుజం మీద తువ్వాలు, మందపాటి కళ్లజోడు. చేతిలో ఫోన్‌ను గాజు సామానులా పట్టుకున్నాడు.

"ఈ పేపరు కంప్యూటర్లో ఏసేది మీరేనా బాబూ?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"హార్బర్లో పోయినోడు మాయన్న. నాను దువ్వాడలో ఉంటన్నాను. సిన్నప్పుడు ఇద్దరం ఒకటే బోటు మీదెల్లేవోలం. నాను బోటొగ్గీసి స్టీలు పనికెల్లిపోనాను. సముద్రాన్నొగ్గీసినోడు నా గుమ్మం తొక్కద్దన్నాడు మాయన్న. తొక్కలేదు. ఆడు పోతే నాకెవులూ కబురెట్టలేదు. టీ కొట్టుకాడ ఒకడు మీ పేజీ సూపించి, ఈయన మీయన్నే కదేటన్నాడు. అలాగ తెలిసినాది."

"అయ్యో" అన్నాను.

"మూడున్నరని ఉంటే దండ అట్టుకుని మూడింటికే ఎల్లినాను బాబూ. గుమ్మం తొక్కద్దన్నాడు గానీ పాడె ముట్టద్దనలేదు గదా. ఒక్క బుజం ఇద్దారని ఎల్లినాను. ఎల్లేసరికి అందరూ తలారా తానాలు సేసీసి కూకున్నారు. మాయన్న కొడుకు ఏటన్నాడో తెలుసా? 'సచ్చినాక కూడా పగ తీర్సుకోడానికొచ్చినావా, మోసీదాకా ఆగి?' అన్నాడు."

ఆయన ఫోన్ తెరిచి నా ముందు పెట్టాడు.

"టైం మూడున్నరని ఉన్నాదిరా అంటే ఎవుడూ ఇనలేదు. మొన్న హార్బరు పెద్దోల్లు, ఏదీ సూపించమన్నారు. తెరిసి సూపిత్తే పదని ఉంది! అందరూ నవ్వీసినారు బాబూ. ఇప్పుడు సూడండి, పదే ఉంది. నాను సూసినప్పుడు మూడున్నర. ఇందులో ఏటి జరిగినాదో సెప్తారని వొచ్చినాను."

పక్క బల్ల దగ్గర అమ్మాయి టైపు చేయడం ఆపేసింది. ఆ చప్పుడు ఆగడం నాకు తెలుస్తూనే ఉంది.

నేను ఫోన్‌ను చేతిలోకి తీసుకున్నాను. తిప్పి చూశాను. మీటింగు, ఇన్‌చార్జిగారు, ఇంకొన్ని నెలల్లో నాకు జరగబోయే వీడ్కోలు సభ... అన్నీ ఆ ఒక్క క్షణంలోకి ఎలా పట్టాయో తెలియదు.

"మీరు కంగారులో సరిగా చూసుండరండి" అన్నాను.

ఆయన వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది. ఫోన్ తీసుకుని, పది అన్న అంకెను చాలాసేపు చూశాడు.

"అయ్యుంటాది బాబూ. అద్దాలు మార్పించుకోవాల. ఈ మద్దెన మతిమరుపు కూడా వొత్తందని మా ఇంటిది అంతానే ఉంది" అని, నాకు నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు.

అమ్మాయి లేచి నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. "కళ్లజోడు మార్పించుకుంటానన్నారండి" అంది. అంతే.

నా ఉద్యోగంలో ఎమ్మెల్యేలు తిట్టారు, యజమానులు తిట్టారు, ఒకసారి ఒక కాంట్రాక్టరు కొట్టడానికి కూడా వచ్చాడు. అవేవీ అంత తగల్లేదు. చెప్పులు వేసుకుని దిగాను. కోచింగ్ పిల్లల్ని తోసుకుంటూ రోడ్డు మీద పడి, ఆ వయసులో పరిగెత్తకూడని పరుగు పరిగెత్తాను.

బస్ కాంప్లెక్స్‌లో ఆయన ఒక సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు తీసి తువ్వాలు కొసతో తుడుస్తున్నాడు. తుడిచి, వెలుగుకు ఎత్తి, ఎక్కడ తప్పుందా అన్నట్టు చూసి, మళ్లీ తుడుస్తున్నాడు.

"మీ కళ్లు బాగానే ఉన్నాయండి" అన్నాను ఆయాసంతో. "మూడున్నరే ఉంది. తప్పు మాది. మీరు చూశాక మేమే దిద్దేశాం. ఇందాక నేను అబద్ధం చెప్పాను."

ఆయన కళ్లజోడు పెట్టుకుని నన్ను చూశాడు. "దిద్దీసినారా?"

"అవును."

"దిద్దినోలు ఒక మాట రాయద్దేటి? ముందు ఇలాగుండేది, దిద్దినామని?"

జవాబు ఆయనకు తెలియక అడగలేదు.

"నాకు మతి పోతందేటోనని మా ఇంటిది డాట్రు కాడికి తీసుకెల్తానంతంది. నాను సరేనన్నాను" అన్నాడు. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. దానికంటే తిట్టినా నాకు తేలికగా ఉండేది.

దువ్వాడ వైపు వెళ్లే బస్సు వచ్చింది. ఎక్కలేదు.

"ఎల్లుండి మాయన్న పెద్దకార్యం. నాను రాకూడదంట. మీరొచ్చి ఈ మాట మా వొదినితో సెప్తారా?"

వస్తానన్నాను. ఆ మాట అన్నాకనే ఆయన తర్వాతి బస్సెక్కాడు.

మర్నాడు ఇన్‌చార్జిగారి గదిలోకి వెళ్లి, రేపటి తేదీల ఘనకార్యం అసలు సంగతి చెప్పి, పేపర్లో సవరణ వేయాలన్నాను. "సైట్లో తప్పుకి పేపర్లో సవరణేంటండీ? మనకి మనమే బురద చల్లుకోవడం కాకపోతే" అన్నారు. నేను కదల్లేదు. చివరికి లోపలి పేజీలో, చిన్నక్షరాల్లో, నాలుగు లైన్లు ఇచ్చారు. సైట్లో ఆ నోటీసు కింద కూడా, ముందు మూడున్నర అని తప్పుగా చూపించామన్న వాక్యం అమ్మాయి చేర్చింది. నేను అడక్కముందే చేర్చింది.

పెద్దకార్యం రోజు పొద్దున్న ఆ పేపరు పట్టుకుని, ఆ అమ్మాయీ నేనూ హార్బర్‌కు వెళ్లాం. ఐస్ ఫ్యాక్టరీ పక్క వీధిలో షామియానా వేశారు. తమ్ముడు షామియానా బయటే, ఆరేసిన వలల దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక పెద్దమనిషి ఆయన్ని చూసి గట్టిగా అన్నాడు, "ఏటి బావా, ఈసారి టయానికే వొచ్చీసినావే!" కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వారు.

నేను వెళ్లి ఆయన పక్కన నిలబడి, పేపరు నుంచి వచ్చానని చెప్పాను. చెప్పాల్సింది ఒక్క వాక్యం. నేను సర్వర్‌తో మొదలుపెట్టాను. ప్రామాణిక సమయం అన్నాను, ఐదున్నర గంటలన్నాను. ముఖాలన్నీ నావైపు చేపల వేలంలో కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాయి. అమ్మాయే అడ్డొచ్చింది.

"మీరు పదింటికని ఇచ్చారండి. మా సైట్లో మూడున్నరని పడింది. ఈయన అదే చూసి వచ్చారు. తర్వాత మేం ఎవరికీ చెప్పకుండా పదని మార్చేశాం. అందుకే మీకు చూపించినప్పుడు పదని ఉంది."

పోయినాయన కొడుకు, గుండు చేయించుకున్న ముప్పై ఏళ్ల మనిషి, ముందుకొచ్చాడు. "ఈ మాట ఇన్నాల్లూ ఎక్కడ దాసినారు? ఈడు తీసుకొత్తే వొచ్చినారా?"

నేను పేపరు చాచాను. ఇందాక ఎగతాళి చేసిన పెద్దమనిషి అందుకున్నాడు. దగ్గరికి పెట్టుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు. మా సవరణలు ఎవరికీ కనపడకూడదన్నట్టే వేస్తాం కదా.

"ఈ సీమలంత అక్సరాలు ఎవుడికి కనపడతాయ్రా? ఏదీ, నీ అద్దాలిలాగియ్యి బావా" అన్నాడు.

తమ్ముడు కళ్లజోడు తీసి ఇచ్చాడు. పెద్దమనిషి అది పెట్టుకుని, వేలు కింద కదుపుతూ నాలుగు లైన్లూ పైకి చదివాడు. అంతా అయ్యాక కళ్లజోడు తీసి, దాని వైపు ఒకసారి చూసి తిరిగిచ్చేశాడు.

"అచ్చులో ఏదైనా ఏసుకుంటారు" అన్నాడు కొడుకు, గొంతు కాస్త తగ్గించి.

అప్పుడు లోపలి నుంచి పోయినాయన భార్య వచ్చింది. నేను చేతులు జోడించాను. ఆవిడ నన్ను కాదు, మరిదిని చూస్తోంది.

"లేని తప్పు నెత్తినేసుకోడానికి ఇంత దూరం ఎవుడొత్తాడ్రా?" అంది కొడుకుతో. తర్వాత నావైపు తిరిగింది. "ఆయన ఆకరిదాకా తమ్ముడు రాలేదేటని గుమ్మం కాసే సూసినాడు బాబూ. రావద్దన్నది ఆయనే, సూసిందీ ఆయనే. ఇప్పుడు మీరొచ్చి గడియారం తప్పన్నారు. సరే. మరి పాడె మల్లీ లెగుత్తాదా?"

లేవదు. దానికి ఏ సవరణా లేదు.

"రావయ్యా, లోపలికి రా" అంది ఆవిడ, మరిదితో.

భోజనాలు పెట్టారు. మమ్మల్నీ కూర్చోమన్నారు. నా విస్తట్లో కూడా అందరికీ వడ్డించినట్టే వడ్డించారు. తిన్నాననే అనుకుంటున్నాను. ఏం తిన్నానో గుర్తులేదు. తమ్ముడు పంక్తి చివర కూర్చున్నాడు. ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. ఎవరూ లేవమనీ అనలేదు.

షామియానా విప్పుతుండగా, దండలు వేసిన ఫొటోను ఇంట్లోకి తీసుకెళ్లాల్సి వచ్చింది. పెద్ద చెక్క ఫ్రేము. కొడుకు దాన్ని కుర్చీలోంచి ఎత్తాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఎటో చూస్తూ, "సిన్నాన్నా, నువ్వట్టుకో" అన్నాడు.

ఆయన తువ్వాలు సర్దుకుని దగ్గరకెళ్లాడు. ఫొటోను చేతులతో అందుకోలేదు. కొంచెం వంగి కుడి భుజాన్ని దాని కిందికి చేర్చాడు. ఫ్రేము అంచు భుజం మీద ఆనుకున్నాక, నిదానంగా లేచి నడిచాడు. గుమ్మం దాకా నాలుగడుగులే. ఆయన నడిచిన తీరుకు ఆ వీధంతా దారి ఇచ్చింది. ఎవరూ నవ్వలేదు.